ఫ్లాష్ కొడుతుంది, ఫొటోలో పడదు: పెంబర్తి ఇత్తడి పనిపై ఒక కేస్ స్టడీ

హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే దారిలో జనగామకు కాస్త ముందు పెంబర్తి వస్తుంది. ఇత్తడి రేకు పనికి పేరున్న ఊరు, జీఐ (భౌగోళిక గుర్తింపు) కూడా ఉంది. గుడి తలుపులకు, ధ్వజస్తంభాలకు తాపడాలు, మకరతోరణాలు, కలశాలు, సన్మానాల్లో ఇచ్చే జ్ఞాపికలు ఇక్కడ తయారవుతాయి. అక్కడి ఒక కుటుంబం కోసం చేసిన పని ఇది. తండ్రి రేకు కొడతారు. కొడుకు ఆర్డర్లు చూసుకుంటాడు, అడిగినవాళ్లకు వాట్సాప్‌లో ఫొటోలు పంపుతాడు. చిక్కంతా ఆ ఫొటోల దగ్గరే.

రేకును లక్క మీద పెట్టి వెనక నుంచి కొట్టి ఉబ్బిస్తారు, తర్వాత ముందు నుంచి ఉలితో గీతలు తీరుస్తారు. ఆ ఎత్తుపల్లాలే పనితనం. వాటిని ఫొటోలో చూపించాలంటే వెలుగు పక్క నుంచి, రేకును రాసుకుంటూ పోయినట్టు రావాలి. కెమెరా మీద ఉన్న పాపప్ ఫ్లాష్ వేస్తే వెలుగు ఎదురుగా పడుతుంది, నీడలన్నీ వస్తువు వెనక్కి పోతాయి. వేలెడు ఎత్తున్న సింహం ముఖం కూడా కాగితం మీద ప్రింట్ వేసిన బొమ్మలా చదునుగా కనిపిస్తుంది. మొబైల్‌తో తీసినా అంతే. కొనేవాళ్లు "ఇది మిషన్ మీద అచ్చు వేసిందా?" అని అడగడం మొదలుపెట్టాక కుర్రాడికి టెన్షన్ పట్టుకుంది.

అతని దగ్గర ఉన్న సామాను: నికాన్ డీ5300, కిట్ లెన్స్, కొత్తగా కొన్న గోడాక్స్ టీటీ600 ఫ్లాష్ ఒకటి. ఫ్లాష్‌ను దూరం నుంచి వెలిగించే రేడియో ట్రిగ్గర్ లేదు. ఫ్లాష్‌కే డబ్బు పెట్టాడు కాబట్టి మళ్లీ ఇప్పుడే ఖర్చు వద్దనుకున్నాడు. ఫ్లాష్‌లో ఎస్1 అనే స్లేవ్ మోడ్ ఉందని, కెమెరా ఫ్లాష్ వెలిగితే దాన్ని చూసి ఇది కూడా వెలుగుతుందని తెలుసుకుని ప్రయత్నించాడు. ఫోన్లో నాతో అన్న మాట ఇది:

"అన్నా, ఫ్లాష్ అయితే కొడ్తున్నది. కండ్లకు కనిపిస్తున్నది. ఫొటోల మాత్రం పడ్తలేదు. పీసు ఖరాబా?"

ఫ్లాష్‌ను పక్కన పెట్టి వాడాలనుకునే ప్రతి కొత్తవాడూ ఏదో ఒక రోజు అడిగే ప్రశ్న ఇది. నాకు పీసు మీద అనుమానం రాలేదు. అయినా ఫోన్లో తేల్చే విషయం కాదు, అక్కడి గది కూడా చూడాలి కాబట్టి వెళ్లాను.

ముందు ఫ్లాష్‌నే ఫొటో తీయించాను

ఇలాంటి కేసులో నేను మొదట చేసేది ఒక్కటే. స్లేవ్ ఫ్లాష్‌ను కెమెరా ఎదురుగా పెట్టి, ఫ్రేమ్‌లో అదే కనిపించేలా ఫొటో తీయమంటాను. షట్టర్ తెరిచి ఉన్న సమయంలో ఫ్లాష్ వెలిగి ఉంటే ఫొటోలో దాని ముఖం తెల్లగా మండుతూ ఉంటుంది. అంతకు ముందో తర్వాతో వెలిగి ఉంటే, కంటికి ఎంత మెరుపు కనిపించినా, ఫొటోలో అది ఆరిన బల్బే. ఇక్కడ ఆరిన బల్బే వచ్చింది. అంటే ఫ్లాష్ బాగానే ఉంది, దాని ముందు వైపున్న ఎర్ర కిటికీ వెనక సెన్సర్ కూడా పని చేస్తోంది. టైమింగ్ కలవడం లేదు, అంతే.

కారణం కెమెరాలోనే ఉంది. పాపప్ ఫ్లాష్ మామూలుగా టీటీఎల్‌లో ఉంటుంది, అంటే ఎంత వెలుగు వేయాలో కెమెరాయే కొలిచి నిర్ణయిస్తుంది. డీఎస్ఎల్ఆర్‌లో ఆ కొలత తీసుకునే సెన్సర్ వ్యూఫైండర్ దారిలో ఉంటుంది కాబట్టి లెన్స్ వెనకున్న అద్దం కిందికి దిగి ఉన్నప్పుడే దానికి వెలుగు అందుతుంది. బటన్ నొక్కగానే కెమెరా ముందుగా ఒక చిన్న మెరుపు వదులుతుంది. అదే ప్రీఫ్లాష్. అది వస్తువు మీద పడి తిరిగొచ్చిన వెలుగును కొలుస్తుంది, ఆ తర్వాతే అద్దం పైకి లేస్తుంది, షట్టర్ తెరుచుకుంటుంది, అసలు ఫ్లాష్ వెలుగుతుంది. ఇదంతా ఎంత వేగంగా జరుగుతుందంటే కంటికి రెండు మెరుపులూ ఒకటిగానే కనిపిస్తాయి.

ఎస్1లో ఉన్న స్లేవ్‌కు ఇవేవీ తెలియవు. కంటబడిన మొదటి మెరుపుకే అది వెలిగిపోతుంది. ఆ మెరుపు ప్రీఫ్లాష్. షట్టర్ తెరుచుకునేసరికి స్లేవ్ తన పని ముగించుకుని మళ్లీ చార్జ్ అవుతూ ఉంటుంది.

కుర్రాడు ఇంకో మాట కూడా చెప్పాడు. ఫ్లాష్ పవర్ బాగా తగ్గిస్తే ఒక్కోసారి వెలుగు పడుతోందట. లూజ్ కాంటాక్ట్ ఏమోనని అతని అనుమానం. అది కూడా ఇదే కథ. 1/64 లాంటి తక్కువ పవర్‌లో ఒకసారి వెలిగినా కెపాసిటర్‌లో చార్జ్ మిగులుతుంది. అందువల్ల ప్రీఫ్లాష్‌కు ఒకసారి, అసలు ఫ్లాష్‌కు ఇంకోసారి వెలుగుతుంది, రెండోది ఫొటోలో పడుతుంది. సగం పవర్‌లో ఆ అవకాశం లేదు. షట్టర్ స్పీడ్‌ను 1/30కి తగ్గిస్తే "కొంచెం వచ్చింది" అన్నది మాత్రం ఫ్లాష్ వెలుగు కాదు, గదిలోని ట్యూబ్‌లైట్ వెలుగు. షట్టర్ ఎంత నిదానం చేసినా ప్రీఫ్లాష్ అది తెరుచుకోవడానికి ముందే వస్తుంది కాబట్టి ఆ దారిలో ఫలితం ఉండదు.

మందు

కెమెరాను కొలవొద్దని చెప్పాలి. డీ5300లో కస్టమ్ సెట్టింగ్స్ మెనూలో ఫ్లాష్ విభాగంలో 'ఫ్లాష్ కంట్రోల్ ఫర్ బిల్టిన్ ఫ్లాష్' అని ఉంటుంది. దాన్ని టీటీఎల్ నుంచి మాన్యువల్‌కు మార్చి, పవర్‌ను అన్నిటికన్నా తక్కువైన 1/32కు దించాం. కెమెరా డయల్ ఎం మీద పెట్టాం. పచ్చ ఆటో మోడ్‌లో ఉంటే ఈ సెట్టింగ్‌ను కెమెరా పట్టించుకోదు. ఇప్పుడు కొలిచే పని లేదు కాబట్టి ప్రీఫ్లాష్ లేదు. ఒక్కటే మెరుపు, అది షట్టర్ తెరుచుకున్నాకే వస్తుంది. స్లేవ్‌ను ఎస్1లోనే ఉంచి మళ్లీ దాని ముఖాన్నే ఫొటో తీయించాను. ఫ్రేమ్ మధ్యలో తెల్లటి మంట కనిపించింది. కుర్రాడు స్క్రీన్ చూసి, "గంతేనా అన్నా?" అన్నాడు.

అందరి కెమెరాల్లో ఇంత సులువు కాదు. చవక మోడళ్లు కొన్నిటిలో పాపప్ ఫ్లాష్‌ను మాన్యువల్‌లో పెట్టే వీలే ఉండదు. అలాంటప్పుడు స్లేవ్‌ను ఎస్2లో పెట్టాలి. అది మొదటి మెరుపును వదిలేసి రెండోదానికి వెలుగుతుంది. పని చేస్తుంది, కానీ నా మొదటి ఎంపిక మాన్యువలే. ఎస్2 ఒక లెక్క ప్రకారం నడుస్తుంది. కెమెరా రెండుకు మించి మెరుపులు వదిలిందంటే ఆ లెక్క తప్పుతుంది.

మెరుపులు ఎక్కువ వదిలేది కమాండర్ మోడ్. దీని గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఖరీదైన బాడీలు ఉన్నవాళ్లే ఇక్కడ ఎక్కువ తికమక పడతారు. నికాన్‌లో 2004 నాటి డీ70తో మొదలై డీ90, డీ7000, డీ7200, డీ750 లాంటి బాడీల్లో, కెనాన్‌లో 2009లో వచ్చిన 7డీ నుంచి కొన్ని బాడీల్లో పాపప్ ఫ్లాషే బయటి ఫ్లాష్‌లకు ఆజ్ఞలిస్తుంది. ఏ చానల్, ఏ గ్రూపు, ఎంత పవర్ అన్న సమాచారాన్ని చిన్న చిన్న మెరుపుల కోడ్‌గా పంపుతుంది. ఆ భాష తెలిసిన ఫ్లాష్ అయితే, ఉదాహరణకు నికాన్‌కు ఎస్బీ-700, దూరాన పెట్టినా టీటీఎల్‌తో సహా మాట వింటుంది. ఎస్1, ఎస్2 మాత్రమే తెలిసిన ఫ్లాష్‌కు ఆ కోడ్ అర్థం కాదు, మధ్యలో ఎక్కడో వెలిగేస్తుంది. కాబట్టి బాడీలో కమాండర్ ఉన్నా, చేతిలో ఉన్నది మామూలు స్లేవ్ అయితే కమాండర్ ఆపేసి మాన్యువల్‌కే రావాలి. డీ3000, డీ5000 వరుసల్లో కమాండర్ లేదు. మనవాడికి ఆ గొడవే లేదు, ఈ విషయంలో అదృష్టవంతుడు.

వెలుగు అమర్చడం

స్లేవ్ వెలగడంతో ట్రిగ్గర్ సంగతి తీరింది, ఫొటో సంగతి ఇంకా తీరలేదు. వాళ్ల ముందు గదిలో ఒక బల్ల వేయించాం. దాని మీద నల్లటి గుడ్డ పరిచి, వెనక ఇటుక ఆనించి రేకును నిలబెట్టాం. కెమెరా ట్రైపాడ్ మీద, రేకుకు సుమారు 1.2 మీటర్ల దూరంలో ఉంది. ఐఎస్ఓ 100, ఎఫ్/11, షట్టర్ 1/160. ఈ బాడీ సింక్ స్పీడ్, అంటే ఫ్లాష్‌తో వాడగల అత్యధిక షట్టర్ స్పీడ్, 1/200, కాబట్టి దానికి లోపలే ఉన్నాం. లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/11 అంత చిన్నది చేసింది ఎందుకంటే ఉబ్బెత్తు ముక్కు నుంచి వెనక అంచు దాకా అంతా స్పష్టంగా ఉండాలి.

తర్వాత రెండు ఫ్లాష్‌లూ ఆపి ఒక ఫొటో తీయమన్నాను. పూర్తిగా నల్లగా రావాలి, వచ్చింది కూడా. చాలామంది చేయని పరీక్ష ఇది. నల్లగా వచ్చిందంటే ట్యూబ్‌లైట్ వెలుగు ఫొటోలో చేరడం లేదన్నమాట. ఇత్తడికి ఇది ముఖ్యం. ట్యూబ్‌లైట్, ఫ్లాష్ కలిస్తే పసుపులో పచ్చదనం దూరి, కొత్త ఇత్తడి కూడా చిలుము పట్టినట్టు అవుతుంది. వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదలకుండా ఫ్లాష్ గుర్తు మీద పెట్టేశాం.

టీటీ600ను రేకుకు ఎడమవైపు, దాదాపు రేకు తలానికి సమాంతరంగా, కొంచెం పైనుంచి పెట్టాను. నేరుగా కొడితే ఇత్తడి మీద కణకణలాడే గీతలు వస్తాయి. మెరుగు పెట్టిన లోహం అద్దం లాంటిది కాబట్టి వెలుగు వచ్చే చోటునే అది చూపిస్తుంది. వెలుగు చోటు పెద్దదైతే మెరుపు కూడా వెడల్పుగా, మెత్తగా ఉంటుంది. అందుకని ఫ్లాష్‌కు, రేకుకు మధ్య ఒక తెల్ల పంచెను దండానికి వేలాడదీశాం. కుడివైపు, వెలుగును తిప్పికొట్టడానికి, థర్మకోల్ షీటు. ఫ్లాష్ పవర్ 1/4.

ఇక్కడ ఒక మెలిక ఉంది. స్లేవ్ సెన్సర్ ఫ్లాష్ ఒంటి మీద, ముందువైపు ఉంటుంది. ఫ్లాష్ మొత్తాన్ని రేకు వైపు తిప్పితే సెన్సర్ పంచె వైపు చూస్తుంది, కెమెరా దానికి కనపడదు. అందుకని ఒంటిని కెమెరా వైపు ఉంచి, తలను మాత్రమే పంచె వైపు తిప్పాను. తల అన్ని వైపులా తిరిగేలా చేసింది ఇలాంటి అవసరాలకే. చిన్న గదిలో తెల్ల గోడలుంటే వాటి మీద పడి తిరిగొచ్చిన వెలుగుకు కూడా సెన్సర్ స్పందిస్తుంది, కానీ వాళ్ల గోడలు పొగచూరి ఉన్నాయి. నేరు చూపు ఉంటేనే నమ్మకం.

చుక్కలు

మొదటి మంచి ఫొటో వచ్చింది. నీడలు లేచాయి, సింహానికి ముక్కు వచ్చింది. తండ్రి లోపలి నుంచి వచ్చి స్క్రీన్ మీద చాలాసేపు చూసి, "మంచిగున్నది గని, ఈ తెల్ల చుక్కలు ఏంది బిడ్డా? నా పని మీద చుక్కలుండయి" అన్నారు. నిజమే. ప్రతి ఉబ్బు మీద, ప్రతి ముత్యం మీద సూది మొన అంత తెల్ల చుక్క ఉంది. వినియోగదారుడు పట్టించుకోకపోవచ్చు, చేసిన మనిషి కంటికి అది మచ్చే.

అది పాపప్ ఫ్లాష్ ప్రతిబింబం. ఎక్కువమంది కొట్టిపారేసే విషయం కాబట్టి లెక్క చెబుతాను. డీ5300 పాపప్ ఫ్లాష్ గైడ్ నంబర్ (ఫ్లాష్ బలాన్ని చెప్పే అంకె, దూరంతో భాగిస్తే సరిపోయే ఎఫ్ నంబర్ వస్తుంది) మాన్యువల్‌లో, ఐఎస్ఓ 100 దగ్గర, మీటర్లలో సుమారు 13. పవర్ 1/32కు తగ్గిస్తే గైడ్ నంబర్ 32కు వర్గమూలం వంతున తగ్గి దాదాపు 2.3 అవుతుంది. 1.2 మీటర్లతో భాగిస్తే, ఎఫ్/1.9 దగ్గర ఆ ఫ్లాష్ సరైన వెలుగు ఇస్తుందన్నమాట. మనం ఎఫ్/11లో తీస్తున్నాం. అంటే పాపప్ వెలుగు అవసరమైనదానికన్నా ఐదు స్టాపులు తక్కువ (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది), 32లో ఒక వంతు. చెక్క మీదో బట్ట మీదో ఆ వంతు అసలు కనిపించదు. కాబట్టి "1/32లో పెట్టండి, ఇక మరిచిపోండి" అనే సలహా ముఖాలకు, బట్టలకు సరిపోతుంది.

మెరుగు పెట్టిన లోహం దగ్గర ఆ లెక్క చెల్లదు. గైడ్ నంబర్ చెప్పేది వస్తువు మీద పడి చెదిరే వెలుగు గురించి. అద్దంలో మనం చూసేది వెలుగు మూలాన్నే. ఉబ్బెత్తు ముత్యం ఒక చిన్న కుంభాకార దర్పణం. దానిలో పాపప్ ట్యూబ్ బొమ్మ చాలా చిన్నదిగా ఉంటుంది తప్ప, మసకగా ఉండదు. అందుకే చుక్క. పవర్ ఇంకా తగ్గించే వీలు ఈ బాడీలో లేదు.

మొదట ఒక కార్డు ముక్కను పాపప్ ముందు వాలుగా పెట్టి, ఆ వెలుగును స్లేవ్ వైపుకు మళ్లించాం. చదును పలకల మీద చుక్కలు పోయాయి. గుండ్రటి కలశం మీద మాత్రం ఆ కార్డే తెల్ల మచ్చగా కనిపించింది. గుండ్రటి వస్తువు గదినంతా చూస్తుంది, దానికి ఏదీ దాచలేం.

సెన్సర్‌కు కావలసింది కంటికి కనిపించే వెలుగే కానక్కర్లేదు, ఇన్‌ఫ్రారెడ్ చాలు. ఫ్లాష్ ట్యూబ్‌లో అది పుష్కలంగా ఉంటుంది. నికాన్ తన కమాండర్ బాడీల కోసం ఎస్‌జీ-3ఐఆర్ అనే చిన్న పలకను అమ్మింది కూడా. పాపప్ ముందు తగిలిస్తే కనిపించే వెలుగును ఆపి ఇన్‌ఫ్రారెడ్‌ను వదులుతుంది. దాని కోసం వెతకాల్సిన పని లేదు. కలర్ నెగెటివ్ రోల్ మొదట్లో, కెమెరాలో ఎక్కించేటప్పుడు వెలుగు తగిలిన కొస ఉంటుంది చూడండి, డెవలప్ చేశాక అది నల్లగా మిగులుతుంది. ఆ నలుపు రంగుల పొరల వల్ల వచ్చింది. కనిపించే వెలుగును మింగేస్తుంది, ఇన్‌ఫ్రారెడ్‌ను పోనిస్తుంది. బ్లాక్ అండ్ వైట్ రోల్ ముక్క పనికిరాదు, అందులో ఉన్నది వెండి, అది రెంటినీ ఆపేస్తుంది.

జనగామలో ఒక పాత స్టూడియోలో అడిగితే పెళ్లిళ్ల నెగెటివ్‌లు ఇంకా కవర్లలో ఉన్నాయి. నల్ల కొసలు కత్తిరించి ఇచ్చారు, డబ్బులు తీసుకోలేదు. ఆ ముక్కల్ని రెండు మడతలుగా పాపప్ ముందు సెలోటేప్‌తో అంటించాం. స్లేవ్ మొదట స్పందించలేదు. ఫిల్మ్ కొంత ఇన్‌ఫ్రారెడ్‌ను కూడా తింటుంది కాబట్టి పాపప్ పవర్‌ను 1/32 నుంచి 1/8కి పెంచాం. అప్పుడు తప్పకుండా వెలిగింది. చుక్కలు పోయాయి, కలశం మీద కూడా. ఇక్కడ జాగ్రత్త ఒకటే: ఫిల్మ్ ట్యూబ్‌కు ఆనుకుని ఉంటుంది కాబట్టి ఫుల్ పవర్‌లో వరసగా కొడితే వేడికి వంగిపోతుంది. 1/8 దాటొద్దని చెప్పాను.

తలుపు తీస్తే ఆగిపోయింది

మధ్యాహ్నం ఉక్కపోతకు తలుపు తీశారు. ఎండ నేరుగా ఫ్లాష్ ఒంటి మీద పడింది, స్లేవ్ మొండికేసింది. ఈ సెన్సర్ చూసేది హఠాత్తుగా పెరిగే వెలుగును. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటుంది, దాని మధ్య ఫిల్మ్ దాటుకుని వచ్చిన చిన్న మెరుపు ఆనదు. సెన్సర్‌కు అట్టముక్కతో గొడుగు కట్టాం, కొంత నయమైంది. తలుపు మూస్తే పూర్తిగా నయమైంది. ఆరుబయట, మిట్ట మధ్యాహ్నం ఈ పద్ధతిని నమ్ముకోవద్దని అప్పుడే చెప్పాను.

పెళ్లిళ్లలో ఇంకో గొడవ. స్లేవ్‌కు నీ ఫ్లాష్, పరాయి ఫ్లాష్ అన్న తేడా లేదు. పక్క ఫొటోగ్రాఫర్ కొట్టినప్పుడల్లా మన ఫ్లాష్ కూడా వెలిగి బ్యాటరీలు ఖాళీ చేస్తుంది, అతని ఫొటోలూ పాడవుతాయి. అక్కడ రేడియో తప్ప వేరే దారి లేదు. ఈ ఇంట్లో ఫ్లాష్ ఉన్నది ఒక్కరి దగ్గరే కాబట్టి ఆ ఇబ్బంది రాదు.

ఇంకొన్ని చిన్న విషయాలు కుర్రాడి పుస్తకంలో రాయించాను. కిట్ లెన్స్‌కు హుడ్ పెట్టొద్దు, పాపప్ వెలుగును అడ్డుకోవచ్చు. రెడ్ ఐ రిడక్షన్ ఆపి ఉంచాలి, నికాన్‌లో దాని లాంతరు వెలిగి షట్టర్‌ను ఆలస్యం చేస్తుంది. ఫ్లాష్ వెనక రెడీ లైట్ వెలిగాకే తర్వాతి ఫొటో తీయాలి. ఆల్కలైన్ సెల్స్ బదులు రీచార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ నాలుగు కొనుక్కోవాలి. కెమెరా బ్యాటరీ కూడా త్వరగా అయిపోతుంది, పాపప్ దాని మీదే బతుకుతుంది.

పెద్ద తాపడం

ఈ అమరిక జ్ఞాపికల నుంచి మూడడుగుల తోరణం దాకా సరిపోయింది. ధ్వజస్తంభం తాపడానికి సరిపోలేదు. పొడవు రేకులు, ఒక వైపు ఒక ఫ్లాష్ వెలుగు అటు చివరికి చేరేసరికి సగానికి సగం పడిపోతోంది. నా సంచిలోని రెండో ఫ్లాష్‌ను ఎస్1లో పెట్టి మొదటిదాని వెలుగు సోకేలా పైన నిలబెట్టాను. దానికి కెమెరా కనిపించకపోయినా ఫర్వాలేదు. కెమెరా మొదటి ఫ్లాష్‌ను లేపుతుంది, మొదటిది రెండోదాన్ని లేపుతుంది, ఆలస్యం లెక్కలోకి రానంత తక్కువ. ఆ ఫొటోలు నావి. కుర్రాడికి రెండో ఫ్లాష్ కొనమని చెప్పలేదు. అంత పెద్ద పని ఎప్పుడో ఒకసారి వస్తుంది, వచ్చినప్పుడు నాకు ఫోన్ చేస్తే చాలు.

గుడి దగ్గర తాపడం బిగించాక బయట తీసే ఫొటోలకు మాత్రం రేడియో ట్రిగ్గర్ కావాలి. టీటీ600లో రిసీవర్ లోపలే ఉంది కాబట్టి కెమెరా మీద పెట్టే ట్రాన్స్‌మిటర్ ఒక్కటి కొంటే చాలు, నికాన్‌కు సరిపోయేది అడిగి తీసుకోమన్నాను. మొదటి పెద్ద ఆర్డర్ డబ్బులు వచ్చాక కొంటానన్నాడు. అప్పటిదాకా తలుపు మూసిన గదిలో, పాపప్ మీద నెగెటివ్ ముక్కతోనే కేటలాగ్ నడుస్తోంది.